మా పెద్దనాయన చదివించిన మేళం

పెళ్లి ఖర్చు ఎట్లా పెట్టాలని నన్ను అడిగేవాళ్లు మా వీధిలో ఇప్పటికీ ఉన్నారు. నేను చెప్పేది ఒకటే. మేళగాడికి, వంటవాడికి, పందిరి వేసేవాడికి దుడ్లు మీ చేత్తో మీరే ఇవ్వండి. నలుగురూ చూస్తుండగా ఇవ్వండి. మధ్యలో పెద్దమనిషి చెయ్యి పడనివ్వకండి. ఆ పెద్దమనిషి తోడబుట్టినవాడైతే అసలే పడనివ్వకండి. ముసలిదానికి నోటి దురుసు ఎక్కువని నవ్వుతారు. నవ్వుకోనీ. వాళ్ల మగ్గం పోలేదు, నా మగ్గం పోయింది.

మాది కోడుమూరు దాటినాక వచ్చే చిన్న నేత ఊరు. తెల్లదొరల కాలం, రెండో యుద్ధం ఇంకా రాని రోజులు. మా నాయనకు నేనొక్కదాన్నే. మగపిల్లలు లేరు గనుక నాకు ఇల్లరికపు అల్లుణ్ణి తేవాలనుకున్నారు. కడప పక్కన ఒక నేతగాళ్ల ఇంట్లో పిల్లవాడు కుదిరాడు. చేతిలో పనితనం ఉంది, వెనక ఆస్తి లేదు. వాళ్లు మమ్మల్ని అడిగింది కూడా ఒక్కటే. మా వాడు మామ ఇంట్లో కూలివాడిలా కూర్చోకూడదు, వాడికంటూ ఒక మగ్గం ఉండాలి అన్నారు. న్యాయమైన మాట. మా ఇంట్లో నాయన మగ్గం ఒక్కటే ఉండేది. దాని పక్కనే రెండో మగ్గానికి గుంత కూడా తవ్వించాడు నాయన, నేసేవాడు కాళ్లు దించి కూర్చోవడానికి. వడ్రంగితో మాట్లాడాడు. తాడు లాగితే నూలు కండె ఉన్న నాడె దానంతట అదే పరిగెత్తే కొత్త రకం మగ్గం చేసిస్తానన్నాడు వడ్రంగి.

ఆ మగ్గానికీ, పెళ్లికీ కలిపి అమ్మ తన వెండి వడ్డాణం అమ్మింది. వచ్చిన దుడ్లలో పెళ్లికి ఎంత, మగ్గానికి ఎంత అని అమ్మ ముందే తేల్చుకుంది. పగటి ముహూర్తం పెట్టిస్తే దీపాల ఖర్చు లేదు. గుండిగలు, గంగాళాలు కులపోళ్లవి ఉన్నాయి, అడిగితే ఇస్తారు. వంటకు మా అత్తలు, పిన్నమ్మలు కొంగు బిగిస్తే చాలు. మేళానికి మా ఊరి మంగళాయన ఉన్నాడు. సన్నాయి వాయించడం ఆ ఇంటి హక్కు, ఎటూ ఆయనకు ఇవ్వాల్సింది ఇవ్వాల్సిందే. ఇట్లా చేస్తే మగ్గం దుడ్లు ముట్టుకోకుండా పెళ్లి అయిపోతుంది. ఇంతకంటే తెలివైన ఖర్చు ఇంకెవరైనా చెప్పగలరా?

అప్పుడు వచ్చాడు మా పెద్దనాయన, నాయనకు అన్న. రెండు వీధుల అవతల మిద్దె ఇల్లు, నాలుగు మగ్గాలు, వాటి మీద కూలివాళ్లు. మా అరుగు మీద కూర్చొని వక్కాకు నములుతూ మొదలుపెట్టాడు.

“ఏమిరా, కర్నూలు బ్యాండు లేకుండా పెండ్లి చేస్తావా? గ్యాసు లైట్లు లేకుండా మెరవణి యెట్ల చేస్తావు? ఆ కడపోళ్లు నవ్విపోరా?”

“నువ్వెట్ల చెప్తే అట్లన్నా,” అన్నాడు నాయన. మా నాయనకు అన్న ముందర వచ్చేది ఆ ఒక్క మాటే.

మూడు రోజుల్లో బ్యాండు మేస్త్రీని వెంటబెట్టుకొని వచ్చాడు. కర్నూలు సాయిబు, ఎర్ర కోటు మడిచి చంకలో పెట్టుకున్నాడు. “పన్నెండు మంది వస్తాం తల్లీ. కోట్లు, టోపీలు మావి. బండ్లు, బువ్వ మీవి. బయానా మాత్రం ఇప్పుడే ఇయ్యల్ల,” అన్నాడు. తలుపు వెనకనుంచి అమ్మ, “పన్నెండు మంది యెందుకప్పా? వాండ్లు నిలబడితేనే మా వీధి నిండిపోతాది. యింగ పెండ్లికి వచ్చినోళ్లు యాడ నిలబడల్ల?” అంది. సాయిబు నవ్వాడు. ఆరుగురికి దిగేవాడే. ఇంతలో పెద్దనాయన కసిరాడు. “ఆడోళ్లు మేళం బేరం చేసే కొంప ఇదొక్కటే ఉండాది. లోపలికి పో.”

అమ్మ లోపలికి వచ్చింది. నాయన కూడా వెనకే వచ్చి, గాదెలో దాచిన దుడ్ల మూట తీశాడు. “ఆ సాయిబు చేతికి నువ్వే ఇయ్యి,” అని అమ్మ గట్టిగానే చెప్పింది. నాయన అమ్మవైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. “అన్న కూర్చోనుండంగ నేను చెయ్యి చాపి బయానా ఇస్తే ఆయన మర్యాద యేమైతాది?” అన్నాడు. మా వాళ్లలో అదొక పిచ్చి పట్టు. ఇంటి పెద్ద బతికుండగా తమ్ముడు మేళగాడికి బయానా ఇస్తే అన్నను చచ్చినవాళ్లలో జమకట్టినట్టే. నాయన ఆ మూట తీసుకెళ్లి అన్న చేతిలో పోశాడు. నేను అక్కడే గడప దగ్గర నిలబడి చూశాను. మా ఇంటి అరుగు మీద, మా అమ్మ వడ్డాణం దుడ్లు, పెద్దనాయన దర్జాగా సాయిబుకు అందించాడు. గ్యాసు లైట్లవాడికీ అట్లాగే ఇచ్చాడు. వంటవాళ్లనూ కర్నూలు నుంచే పిలిపించాడు, మా అత్తల చేతి వంట కడపవాళ్లకు ఆనదట. మూట చిన్నదవుతూ వచ్చి, మగ్గం దుడ్లు కూడా అందులోనే పోయాయి.

ఇంత పెట్టి తెచ్చిన వాళ్లేమైనా సక్కగా చేశారా? వంటవాళ్లు పప్పులో నీళ్లు పోసి, బెల్లం గడ్డలు పైగుడ్డల్లో మూటకట్టుకుంటుంటే అమ్మ పట్టుకుంది. “ఇది మా మామూలమ్మా,” అన్నారు, సిగ్గు లేకుండా. రాత్రి మెరవణి ఊరేగింపు సగంలో ఉండగా గ్యాసు లైట్లు ఒకటొకటే బుస్సుమని ఆరిపోయాయి. బ్యాండువాళ్లు తాళి కట్టేటప్పుడు అయ్యవారి మంత్రం వినబడకుండా ఊదారు, మూడు పూటలా తిన్నారు, పోతూ పోతూ తాంబూలాలు చాలలేదని గొణిగారు. మా మంగళాయన సన్నాయి ఒళ్లో పెట్టుకొని పందిరి గుంజకు ఆనుకొని కూర్చున్నాడు. వాయించనివ్వకపోయినా ఆయనది ఆయనకు ఇచ్చాము. అంటే ఒక్క పెళ్లికి రెండు మేళాల ఖర్చు అన్నమాట.

అసలు దెబ్బ చదివింపుల దగ్గర పడింది. పెళ్లిలో ఎవరేమి ఇచ్చినా ఒకాయన పందిట్లో నిలబడి ఊరంతా వినేటట్టు అరిచి చెప్తాడు. విన్నవాళ్లు మరిచిపోరు. ఇచ్చినవాళ్ల ఇంట్లో పెళ్లి జరిగినప్పుడు, అంతకు కొంచెం పైన వేసి మనం తిరిగి చదివించాలి. తక్కువ చదివిస్తే ఊళ్లో తల ఎత్తుకోలేము. నేను నుదుట బాసికం కట్టుకొని పీట మీద కూర్చొని ఉన్నాను. ఆయన గొంతు ఎత్తాడు.

“పెండ్లికూతురి పెద్దనాయన చదివింపు! కర్నూలు బ్యాండు మేళం! గ్యాసు లైట్లు! వంటవాండ్ల కూలి!”

పందిరంతా ఆహా అంది. నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నాయన ముఖం చూశాను. నాయన భుజం మీద పైగుడ్డ సర్దుకొని, కడపవాళ్లవైపు చూసి నవ్వుతున్నాడు! నేను పీట మీదనుంచి లేవబోయాను. అమ్మ వెనకనుంచి నా రెండు భుజాలూ నొక్కి పట్టింది. “కూర్చోమే. కొత్తోళ్లు చూస్తాండారు,” అంది చెవిలో.

పెళ్లివాళ్లు వెళ్లిపోయాక ఇంట్లో అరిచాను. అది మన దుడ్లు, ఆయన చదివింపు ఎట్లా అయ్యింది, పోయి అడుగు అన్నాను. “ఇంటి మాట ఇంట్లోనే ఉండల్ల,” అన్నాడు నాయన. అంతే. మగ్గం గుంత మీద పలకలు పరిచి, వాటి మీద నూలు బుట్టలు పెట్టాము.

ఆ ఏడాది మేము పడ్డ పాటు చెప్పనలవి కాదు. ఉన్న ఒక్క మగ్గం మీద నాయన పొద్దున, నా మొగుడు మధ్యాహ్నం వంతులు వేసుకొని నేశారు. అమ్మా నేనూ పొద్దస్తమానం రాట్నం ముందర కండెలు చుట్టాము. గుడ్డ నేసే ఇంట్లో పండగకు కొత్త గుడ్డ లేదు. సంగటిలోకి ఎక్కువ రోజులు ఊరిమిండి పచ్చడే గతి. నా మొగుడు మాట తక్కువ మనిషి, ఒక్కసారి మాత్రం పలకల వైపు చూసి, “మీ నాయన మాట ఇచ్చి తప్పే మనిషి కాదు గదా?” అని అడిగాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

అట్లా కూడబెట్టిన దుడ్లతో చివరికి మగ్గం వచ్చింది. ఎద్దుల బండిలో ముక్కలు ముక్కలుగా తెచ్చారు, నా మొగుడు పొద్దంతా కూర్చొని బిగించాడు. మొదటిసారి తాడు లాగి నాడె ఇటునుంచి అటు పరిగెత్తినప్పుడు చిన్నపిల్లాడిలా నవ్వాడు. “ఇది మనదే!” అన్నాడు. పెళ్లయినాక అతను నవ్వగా నేను చూడటం అదే మొదలు.

పడుగు దారాలు ఎక్కించి చీర సగం కూడా కాలేదు, పెద్దనాయన తన కూతురి పెళ్లికి పిలుపు తెచ్చాడు. వక్కాకు పళ్లెంలో పెట్టి, ఆయన చూపు మాత్రం మగ్గం మీద పెట్టాడు. తాడు పట్టుకొని లాగి చూశాడు.

“బాగుండాది. నా అల్లునికి ఇట్లాంటిది కావల్లంట. తమ్ముడా, నీ బిడ్డకు నేను చేసినంత చెయ్యమని నేను అడగను. గాని ఊరంతా చూస్తాంటాది గదా.”

“నువ్వెట్ల చెప్తే అట్లన్నా,” అన్నాడు మా నాయన!

నా మొగుడు లేచి బయటికి వెళ్లిపోయాడు. పొద్దుగూకేదాకా రాలేదు. వచ్చాక నాయనతో కాదు, నాతో అన్నాడు. “నేనీడ అల్లున్నా, కూలోన్నా? అది తేల్చి చెప్పమను. లేదంటే మా వూరికి నేను పోతా.” ఆ రోజే నేను నిర్ణయించుకున్నాను. ఈసారి ఎవరు భుజాలు నొక్కినా కూర్చోను.

పెద్దనాయన ఇంటి పెళ్లికి పోతే అక్కడ ఏముంది? పగటి ముహూర్తం. కులపోళ్ల గుండిగలు. వంట మా అత్తలదే. పందిట్లో మా ఊరి మంగళాయన హాయిగా సన్నాయి వాయిస్తున్నాడు! మా అమ్మ వేసుకున్న ఎత్తు అక్షరం పొల్లు పోకుండా ఆయన తన కూతురి పెళ్లికి వాడుకున్నాడు. బ్యాండు లేదేమని ఎవరో అడిగితే, “దుడ్లు బూడిదలో పోసే తెలివితక్కువోన్నా నేను?” అన్నాడు. నా చెవులారా విన్నాను. అమ్మ కూడా వింది. నా పక్కనుంచి రెండడుగులు దూరం జరిగింది. నేను లేస్తే పట్టుకోనని చెప్పడం అది.

చదివింపులాయన, “పెండ్లికూతురి చిన్నాయన చదివింపు,” అని మొదలుపెట్టగానే నేను లేచాను.

“ఆగన్నా. నిరుడు నా పెండ్లిలో ఈయన బ్యాండు చదివించినాడని నువ్వే అరిచినావు. ఆ దుడ్లు మా అమ్మ వడ్డాణం అమ్మిన దుడ్లు. మా నాయన మూట ఇప్పి ఈయన చేతిలో పోస్తాంటే నేను గడప కాడ నిలబడి చూసినా. ఈయన మాకు చదివించింది యేమీ లేదు. మేము తిరిగి ఇయ్యాల్సింది యేమీ లేదు.”

సన్నాయి ఆగిపోయింది. పెద్దనాయన కోప్పడతాడనుకున్నాను. ఎంత గట్టివాడో చూడండి, కోప్పడలేదు. పైగుడ్డతో కళ్లు ఒత్తుకున్నాడు. మెల్లగా నాయనవైపు తిరిగాడు.

“యెవరో యెందుకు, నువ్వే చెప్పు తమ్ముడా. నేను నీ దుడ్లు తింటినా?”

అందరి కళ్లూ నాయన మీదే. నేను ఆయన ముఖంలోకే చూస్తున్నాను. ఒక్క మాట, నాయనా, ఒక్క మాట చాలు అనుకున్నాను. నాయన నా వైపు చూడలేదు. నేల చూపులు చూస్తూ అన్నాడు.

“అది చిన్న పిల్ల. దానికి తెల్దు. ఆ దుడ్లు మా యన్నవే.”

ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. ఎంత నోరు, ఎంత అబద్ధం, సొంత పెద్దనాయన మీదనా అన్నారు. చదివింపులాయన గొంతు సవరించుకొని, “ఒక మగ్గం!” అని అరిచాడు. మళ్లీ సన్నాయి అందుకుంది.

మర్నాడు పొద్దున్నే పెద్దనాయన బండి పంపాడు. మగ్గం మీద చీర సగంలో ఉంది. నేత సగంలో ఉండగా పడుగు కోయడానికి ఏ నేతగాడికీ చెయ్యి రాదు. నా మొగుడు గోడవైపు తిరిగి తన గుడ్డలు మూట కట్టుకుంటున్నాడు. నాయన కత్తి తెచ్చి నా ముందర పెట్టాడు.

“నువ్వు కొయ్యమ్మా. నాకు చెయ్యి రాదు.”

“నోరు వచ్చింది గదా నిన్న,” అన్నాను.

నాయన గుంత అంచున కూలబడ్డాడు. “వాడు నా తోడబుట్టినోడమ్మా. నలుగుర్లో అన్నను దొంగను చేసి నేనెట్ల బతకల్ల?”

“కూతుర్ని అబద్ధాలకోరును చేసి బతుకుతాండావు గదా నాయనా,” అన్నాను.

బండివాడు గడప బయట నిలబడి ఆలస్యమైతాందని పిలిచాడు. నాయన నా ముఖంలోకి ఒక్కసారి చూసి, కత్తి తీసుకొని పడుగు తనే కోశాడు.