పట్టుబడి రోజుల్లో నిద్ర

మంగళవారం పొద్దున చేపల బండికి ఐసు దంచుతుండగా విజయవాడ నుంచి ఫోన్ వచ్చింది. డాక్టరు గారి ఆసుపత్రి కింద మందుల షాపు నడిపే సాయిబు గారు. "మన డాక్టరు గారు పోయారండీ. నిద్రలోనే. మీ అన్నయ్య గారికి మెల్లగా చెప్పండి" అన్నారు. మిగిలిన ఐసు కూడా దంచాను. అప్పటికే బండి ఆలస్యమైంది.

ఆ డాక్టరు గారిని మావైపు పిచ్చి డాక్టరంటారు. మొదటిసారి అన్నయ్యను తీసుకెళ్ళినప్పుడు, పామర్రులో తెలిసినవాళ్ళు బస్సెక్కుతారేమోనని వదిన దారంతా ముసుగు తీయలేదు. అన్నయ్య అప్పటికి నెలల తరబడి మంచం దిగడం లేదు. మా చేపల చెరువు గట్టుకు రాడు, స్నానం చేయడు. చావు మాట కూడా ఎత్తాడు. అంతకుముందు వేరేచోట డిప్రెషన్ అని మందిచ్చారు. దాంతో లేచాడు, నయమైందనుకున్నాం. కొన్నాళ్ళకు మునుపటికన్నా లోతుగా పడిపోయాడు.

డాక్టరు గారు చెప్పులు బల్ల కింద విడిచి, కాళ్ళు ముడుచుకుని కూర్చునేవారు. ఎదురుగా టీ మీగడ కట్టేది. ఎప్పుడు చూసినా అలిసిపోయిన మనిషే. మేము చెప్పిందంతా విని, "దిగులు సంగతి తెలిసింది. బాగున్న రోజుల సంగతి చెప్పండి" అన్నారు.

"బాగున్నప్పుడు బంగారమండీ" అంది వదిన. "పట్టుబడి రోజుల్లో కన్ను మూయరు. నలుగురి పని ఒక్కరే చేస్తారు."

పట్టుబడంటే చెరువులో వల లాగి చేపలు తీసే రోజులని నేను చెప్పాను. తెల్లారేలోపు బండ్లకెత్తాలి కాబట్టి అప్పుడు ఎవరికీ నిద్రుండదు. ఎక్కువ మేలుకున్నవాడే మొనగాడు.

"పట్టుబడి అయిపోయాక?"

వదిన నా వైపు చూసింది. మా ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగని ప్రశ్న అది. "అయిపోయాక కూడా పడుకోడండీ. వారమైనా అలసటుండదు. మొన్నటేడు ఆ ఊపులోనే ఎవర్నీ అడక్కుండా ఇంకో చెరువు లీజుకు మాట్లాడొచ్చాడు" అన్నాను.

ఆయన కలం కింద పెట్టారు. "నిద్ర పట్టకపోవడం వేరు, నిద్ర అక్కర్లేకపోవడం వేరు. కుంగినప్పుడు అందరూ తీసుకొస్తారు. ఎగిరినప్పుడు ఎవరూ తీసుకురారమ్మా, భుజం తడతారు." అప్పుడు బైపోలార్ అనే మాట మొదటిసారి విన్నాం. ఇలాంటి మనిషికి వట్టి దిగులు మందిస్తే పైకి ఎగదోసినట్టవుతుందని కూడా అప్పుడే తెలిసింది.

ఆసుపత్రిలో చేర్చుకున్నారు. ఇంటికి పంపే రోజు బిల్లు దగ్గర పేచీ వచ్చింది. వదిన సర్కారు బళ్ళో టీచరు. ఖర్చు తిరిగి రావాలంటే బిల్లు మండలాఫీసు మీదుగా వెళ్ళాలి.

"టైఫాయిడ్ అని రాయండి సార్. అక్కడి గుమాస్తా మా ఊరివాడే. సాయంత్రానికి ఊరంతా చెప్పేస్తాడు."

"రేపు నేను లేనప్పుడు ఇతన్ని ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, టైఫాయిడ్ చూసి ఆయనేం మందిస్తాడమ్మా?"

"పోనీ డిప్రెషన్ అని..."

"అలా రాసినందుకేగా ఇంతదూరం వచ్చారు."

వదిన ఏడ్చింది. ఆయన ఓదార్చలేదు. జబ్బు పేరుండాల్సిన చోట డాక్టర్లు వాడే కోడు, ఎఫ్ 31.4 అని మాత్రం రాశారు. 32 అయితే వట్టి డిప్రెషనట. 31 అంటే ఎగరడం, కుంగడం రెండూ ఉన్న జబ్బు. చుక్క పక్కన నాలుగుంటే చేరేనాటికి బాగా లోతులో ఉన్నాడని. "గుమాస్తాకి ఇది అంకె. డాక్టరుకి కబురు. దీని జిరాక్సు ఇంట్లో ఉంచుకోండి" అన్నారు.

ఆ మాట తర్వాత పనికొచ్చింది. ఆయన ఊళ్ళో లేనప్పుడు అన్నయ్య మళ్ళీ మంచం పట్టాడు. బందరులో ఒక కుర్ర డాక్టరు దిగులు మందు రాయబోతుంటే వదిన ఆ కాగితం ముందు పెట్టింది. అతను రాసింది కొట్టేసి, పాత మందులేమిటని అడిగాడు.

మరొకటి కూడా చెప్పి పంపారు. పట్టుబడైనా, పెళ్ళైనా రాత్రి తొమ్మిదికి అన్నయ్య పడుకోవాలి. మా పనిలో అది తలవంపు. వల లాగేవాళ్ళు ఊరుకోలేదు.

"కలెక్టరు గారు పడకేశారు. మెల్లగా లాగండ్రా."

"మీరూ చీటీ రాయించుకు రండి, పడుకుందురు" అనేవాడు అన్నయ్య చాపలోంచి.

జబ్బు పోతుందని డాక్టరు గారు ఎప్పుడూ అనలేదు. "పట్టుకుని ఉందాం" అనేవారు. మందు మోతాదు కోసం నెలనెలా రక్తపరీక్ష చేయించి ఆయనకు చూపిస్తూ, ఇన్నేళ్ళూ పట్టుకునే ఉన్నాం. అలసటగానే ఉంటుంది.

బండి వెళ్ళాక అన్నయ్యకు చెప్పాను. కాసేపు గట్టు మీది గడ్డి పీకాడు. "మరి ఈ నెల రక్తపరీక్ష ఎవరికి చూపించాలి?" అన్నాడు.

ఆ రాత్రీ పట్టుబడే. తొమ్మిది కాకముందే చాప పరిచి, తువ్వాలు మొహం మీద వేసుకుని పడుకున్నాడు. ఎవరూ కలెక్టరు గారనలేదు. వల మోసేవాళ్ళు చాప చుట్టూ తిరిగి వెళ్ళారు. అన్నయ్య కాలి వేళ్ళు కదులుతూనే ఉన్నాయి. వదిన చేతిలో లైటు ఆపేసి, ఆ తువ్వాలు ఒకే తీరుగా లేచి పడేదాకా అక్కడే నిలబడింది.