ఆర్ మీద పెడితే న్యూట్రల్

నా నోట్లో నువ్వుగింజ నానదని మా షెడ్డులో అందరూ అనేవాళ్లు. అది నిజమే. కానీ ఒక్క మాట ఇన్నేళ్లుగా నా లోపలే ఉండిపోయింది. నా భార్యకు చెప్పలేదు. చర్చిలో ఫాదర్ ముందు మోకరించి చిన్నాచితకా పాపాలన్నీ ఒప్పుకున్నవాణ్ణి, దీని దగ్గరకు వచ్చేసరికి ప్రతిసారీ దాటేశాను. దాటేసిన కొద్దీ బరువెక్కింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడం కొంచెం తేలిక.

డెబ్బైల చివరి రోజులు. బహదూర్‌పురాలో ఒక చిన్న షెడ్డులో నేను మెకానిక్‌ని. యాకుత్‌పురాలో పప్పులూ చింతపండూ టోకున అమ్మే ఒక సేఠ్ దగ్గర పాత అమెరికా లారీ ఉండేది. ఏదో డ్యాం పనికి తెప్పించి, పని ముగిశాక వేలంలో అమ్మేసిన బండి. స్టీరింగు ఎడమ పక్క. క్లచ్చి లేదు. గేరు ఆటోమేటిక్. స్టీరింగు కింద ఒక పిడి, దాని పక్కన పట్టీ మీద ఇంగ్లీషు అక్షరాలు. పి అంటే చక్రాలు బిగిసి నిలబడటం, దాని తరువాత ఆర్ అంటే రివర్సు, ఆ తరువాత ఎన్ అంటే న్యూట్రల్, డి అంటే ముందుకు.

ఆ బండిలో ఈ వరస ఒక గాటు తప్పింది. పిడి ఆర్ మీద ఉంటే లోపల గేరుపెట్టె న్యూట్రల్‌లో ఉండేది. ఎన్ మీద పెడితే బండి ముందుకు కదిలేది. డ్రైవర్ యాదగిరి దానికి ఎంత అలవాటు పడ్డాడంటే, పట్టీ వైపు చూసేవాడే కాదు. చెయ్యే ఆ గాటు సర్దుకునేది. వేరే ఎవరు ఎక్కినా అటు పోవాల్సిన బండి ఇటు పోయేది. "ఈ బండి నా చెయ్యికే ఇంటది" అని అతను మీసం దువ్వుకుంటూ చెప్పుకునేవాడు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. ఎందుకు? అతను నాకు ఏ కీడూ చేయలేదు. మెకానిక్‌ని నేనుండగా బండి అతని మాట వినడమేమిటన్న కడుపుమంట. ఇప్పుడు రాస్తుంటే ఎంత అల్పంగా ఉందో, అప్పుడు అంత పెద్దదిగా కనిపించింది.

ఒకసారి బ్రేకుల పని కోసం బండి షెడ్డుకు వచ్చింది. ఎవరూ అడగకపోయినా గేరు సంగతి కూడా చూద్దామని కిందికి దూరాను. అంతకు ముందు చూసినవాళ్లందరూ గేరుపెట్టెనే అనుమానించారు. పెట్టెలో లోపమేమీ లేదు. పిడి నుంచి పెట్టెకు పోయే కడ్డీ చివర ఉండే తొడుగు, అదే బుష్షు, అరిగి, కడ్డీ ఒక గాటు జారిపోయింది. తెలిసిన లేతు అతని చేత కొత్త బుష్షు చేయించాను. పెట్టెను న్యూట్రల్‌లో ఉంచి, పిడిని ఎన్ మీద పెట్టి, కడ్డీ పొడవు సవరించాను. పిన్ను ఏ బలవంతమూ లేకుండా రంధ్రంలో పడింది. నా జీవితంలో చేసిన శుభ్రమైన పనుల్లో అదొకటి. తప్పంతా ఆ మంచి పనిలోనే దాగుంది.

మర్నాడు ఖాళీ బండిని నేనే నడిపి సేఠ్ గోదాం ముందు ఆపాను. బ్యాటరీ నీరసంగా ఉందని ఇంజను ఆపలేదు. హ్యాండ్ బ్రేకు లాగి, పిడి పి మీద పెట్టి దిగాను. యాదగిరి ఎదురొచ్చాడు. "బ్రేకులు మంచిగున్నయా?" అన్నాడు. ఉన్నాయన్నాను. గేరు మాట ఎత్తలేదు.

మరిచిపోయి కాదు. అతను ముందుకు పోవడానికి తన అలవాటు ప్రకారం ఎన్ మీద పెడతాడు, బండి కదలదు, హమాలీలందరి ముందూ తెల్లమొహం వేస్తాడు. అది చూడాలని ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లో చాయ్ తీసుకుని కూర్చున్నాను.

బండి వెనక భాగం గోదాం అరుగుకు మరీ దగ్గరగా ఉంది. వెనక తలుపు దించి మూటలెక్కించాలంటే కాస్త ముందుకు జరగాలి. ఆ ఇరుకు గల్లీలో అంత చిన్న జరుగుడుకు హమాలీలు డ్రైవర్‌ని నడపనిచ్చేవాళ్లు కాదు. తామే నెట్టుకునేవాళ్లు. ఈ వాడుక నాకు తెలుసు. ఆ పొద్దున గుర్తుకు రాలేదు.

"యాదన్నా, న్యూట్రల్ జెయ్యి. మేం నూకుతం," అని బాలయ్య అనే హమాలీ కేకేశాడు. అందరూ అరుగుకూ బండికీ మధ్య నిలబడి భుజాలు ఆనించారు. యాదగిరి చెయ్యి అలవాటుగా పిడిని ఆర్ మీద పెట్టింది. హ్యాండ్ బ్రేకు వదిలాడు. బండి వెనక్కు వచ్చింది. మిగతావాళ్లు పక్కకు దూకారు. బాలయ్య నడుము బండికీ అరుగు రాళ్లకూ మధ్య నలిగింది.

ప్రాణం దక్కింది. మళ్లీ మూట ఎత్తలేకపోయాడు.

అతన్ని ఆసుపత్రికి తీసుకుపోయాక సేఠ్ నన్ను పిలిచాడు. "గేర్ ఖరాబున్నదా ఏంది?"

"లేదు సేఠ్. నిన్ననే సరి చేసిన. పట్టీ మీద ఏముంటే లోపల గదే."

యాదగిరి నా వైపు తిరిగాడు. "సరి చేసినవా? నాకు చెప్పలే గదా?"

"పొద్దున బండి అప్పజెప్పినప్పుడు చెప్పిన గదన్నా."

అతను నన్ను చూశాడు. కోపంగా కాదు. వెతుక్కుంటున్నట్టు. "చెప్పినవా?" అన్నాడు. "చెప్పినవేమో మరి. రాత్రి జర తాగిన. నా దిమాగ్ల నిల్వలే."

అతను నాతో పోట్లాడితే బాగుండేది. అబద్ధమని గల్లా పట్టుకుంటే ఏం చేసేవాణ్ణో, నిజం కక్కేవాణ్ణేమో. నమ్మాడు. నా మాట నమ్మి తన బుర్రను అనుమానించాడు. సేఠ్ పొమ్మనక ముందే స్టీరింగు వదిలేశాడు. తాగుడూ వదిలేశాడు. ఒక కట్టెల అడితిలో కాపలా పనికి కుదిరి, బాలయ్యను కట్టు మార్పించడానికి తనే రిక్షాలో తీసుకుపోయేవాడు. దారిలో కనిపిస్తే నాతో మర్యాదగానే మాట్లాడేవాడు. ఎవరైనా ఆ సంగతి తీస్తే, నా ముందే, "పాపం మెకానిక్ చెప్పిండు, నేనే మరిచిన" అనేవాడు. నేను తల వంచుకునేవాణ్ణి. చూసేవాళ్లు దాన్ని మంచితనం అనుకునేవాళ్లు.

బండిని అలా సరిచేయడం తప్పా? కాదు. ఆటపట్టించాలనుకోవడం? అది తప్పే, కానీ దానికి క్షమాపణ ఉంటుందేమో. ఆ ఒక్క అబద్ధానికి ఉంటుందని నేను అనుకోను. ఒక మనిషి తను చేయని మరుపును నమ్ముకుని చివరిదాకా బతికాడు. అతను పోయి చాలా కాలమైంది. బాలయ్య కూడా లేడు. మన్నించేవాళ్లు ఎవరూ మిగలలేదు. మన్నించమని అడగడానికి రాయడం లేదు. అతనికి వినిపించాల్సిన మాట ఎక్కడో ఒకచోట అనాలని రాస్తున్నాను. అనేస్తే గుండె కొంచెం తేలికపడుతుంది. అంతకు మించి ఆశ లేదు.

యాదన్నా, నువ్వేం మరిచిపోలే. నేనే నీకు చెప్పలే.