మధ్యాహ్నం మారిపోయే అక్షరాలు

మొన్న ఆదివారం పొద్దున, హైదరాబాదులో ఉద్యోగం చేసే మా మేనకోడలు ఫోన్ చేసి, ముచ్చటపడి కట్టించుకున్న కొత్త కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోతున్నదనీ, మెమరీని దాని మీద రాసి ఉన్న వేగంతో నడిపిస్తే తెర నీలంగా మారుతున్నదనీ, వేగం తగ్గిస్తే మాత్రం బుద్ధిగా నడుస్తున్నదనీ ఏకరువు పెడుతుంటే, ఖమ్మంలో మా వంటింట్లో చింతపండు పిసుకుతున్న నా చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. వేగం అట్లనే ఉంచి, అడిగింది తెచ్చివ్వడానికి మెమరీకి ఇచ్చే వ్యవధిని ఒక్క మెట్టు పెంచి చూడమన్నాను. పావుగంటలో మళ్లీ ఫోన్: "నడుస్తుంది అత్తా! నీకెట్ల తెలుసు?" భద్రాచలం అడవుల్లోని చర్లలో నేర్చుకున్నానంటే వేళాకోళం అనుకుని నవ్వి పెట్టేసింది. నాకు మాత్రం ఆ రోజంతా కాలు ఒక్కచోట నిలవలేదు. పాతికేళ్ల నాటి ఆ ఎండ, ఆ ఎర్రటి గీతలు, ఆ తల్లీకూతుళ్లు అన్నీ ఒక్కసారిగా మీదపడ్డాయి.

మా ఈడు వాళ్లకు టైపు ఇన్‌స్టిట్యూట్ల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. గాంధీచౌక్ వెనక సందులో మా మేనమామ నడిపిన ఇన్‌స్టిట్యూట్‌లో పన్నెండు మిషన్లు ఉండేవి, అన్నీ ఒక్కసారి మొదలైతే రేకుల మీద రాళ్లవాన పడ్డట్టు ఉండేది. టైపు పరీక్షలు లోయరూ హయ్యరూ పాసై నేను అక్కడే పాఠాలు చెప్పడానికి కుదురుకున్నాను. పదేళ్లలో నాకు ఒక విద్య అబ్బింది. కాగితం మీద తప్పు చూస్తే చాలు, ఏ వేలు ఎటు జారిందో చెప్పేసేదాన్ని. ఎందుకంటే వేలు జారితే పక్క మీటమీదికే జారుతుంది కానీ గాలిలో ఎగిరి ఎక్కడికో పోదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మిషన్ల ముందు కూర్చునేవాళ్లు తగ్గిపోతుంటే, మామ ఏమాత్రం దిగులుపడకుండా హైదరాబాదు నుంచి విడిభాగాలు తెప్పించి కంప్యూటర్లు కట్టడం మొదలుపెట్టాడు. చీర కొంగు నడుముకు బిగించి, స్క్రూడ్రైవర్ పట్టుకుని, ఆ పెట్టెల లోపల చేతులు పెట్టిన రోజులు నా జీవితంలోనే గొప్ప రోజులని ఇప్పటికీ అనుకుంటాను. మేం కట్టిన కంప్యూటర్ ఊళ్లో అందరిదానికన్నా జోరుగా నడవాలన్నది నా పంతం. ఆ పంతమే కొంప ముంచింది.

చర్ల అవతల, అడవిలో, ఆడపిల్లల హాస్టల్ బడిలో ఒక కోయ టీచరమ్మ ఉండేది. నాకన్నా ఐదారేళ్లు పెద్ద. ఒకటో తరగతిలో చేరిన పిల్లలకు తెలుగు రాక, ఏం చెప్పినా బిక్కమొహం వేసుకుని చూస్తున్నారని, వాళ్ల ఇంటి మాటలతోనే మొదటి వాచకం తయారుచేయాలని ఆమె పూనుకున్నది. కోయ మాటలు, పాటలు తెలుగు అక్షరాల్లో రాసి పక్కన తెలుగు అర్థం ఇవ్వాలి. ఆ మాటల్లో సగం ఆమె తల్లి నోటినుంచి వచ్చినవే. భద్రాచలంలో బడి పుస్తకాల పని చూసే ఒక ఆఫీసరు ఇందుకోసం మా దగ్గర ఒక కంప్యూటర్ కట్టించి హాస్టల్‌కు పంపించాడు. టీచరమ్మ పది రోజులు ఖమ్మం వచ్చి మా ఇన్‌స్టిట్యూట్‌లోనే తెలుగు టైపు నేర్చుకున్నది. అంత శ్రద్ధగా నేర్చుకున్నవాళ్లను నేను మళ్లీ చూడలేదు. పదోనాటికి కీబోర్డు వంక చూడకుండానే వేళ్లు పరుగెత్తేవి. నేను చెల్లెనయ్యాను, ఆమె అక్క అయింది.

మూడు నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం ఎస్టీడీ బూత్ నుంచి ఆమె ఫోన్. "చెల్లె, నేను తప్పు కొట్టలే. కొట్టినప్పుడు సరిగ్గనే ఉంటది, మర్నాడు తెరిచి చూస్తే మాట మారిపోయి ఉంటది. ఎవరికి చెప్పినా నన్ను పిచ్చిదాని లెక్క చూస్తున్నరు."

సంగతేమిటంటే, ఆఫీసరు మచ్చుకు కొన్ని పేజీలు అచ్చు తీయించాడు. తెలుగువాళ్లు చూస్తే ఏ తప్పూ కనిపించలేదు, కోయ మాట కదా, ఇట్లనే ఉంటుందేమో అనుకున్నారు. ఆ పేజీలను ఆఫీసరు ముందు గట్టిగా చదివి వినిపిస్తుంటే టీచరమ్మ తల్లి మధ్యలో చెయ్యెత్తి, ఇది మన మాట కాదన్నదట. నీళ్లను వాళ్లు 'ఏరు' అంటారు, కాగితం మీద 'ఏగు' అని ఉంది. ఇట్లా పేజీకి రెండు మూడు. చదివేది కూతురే, రాసింది కూతురే, తప్పన్నది తల్లి. ఆఫీసరుకు కోపం వచ్చి, ఇంత నిర్లక్ష్యమైతే ఎట్లా, పదిహేను రోజుల్లో పుస్తకం అచ్చుకు పోవాలి, హైదరాబాదులో టైపు చేసేవాళ్లకు ఇచ్చేస్తానన్నాడు. ఒక్క కోయ మాట వినని వాళ్ల చేతికి ఆ పుస్తకం పోతే ఏమవుతుందో తలుచుకుని ఆమె కుమిలిపోతున్నది. పైగా కంప్యూటర్ అప్పుడప్పుడు ఉన్నపళంగా ఆగిపోతున్నదని కూడా చెప్పింది.

మామ మరుమాట లేకుండా, "పోయి చూసిరా బిడ్డా, మనం కట్టిందే గద" అన్నాడు. కొత్త మెమరీ ముక్క ఒకటి వెండిరంగు కవరులో చుట్టి, స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టుకుని, పరీక్షచేసే ప్రోగ్రామున్న ఫ్లాపీ ఒకటి సంచిలో వేసుకుని మర్నాడు తొలి బస్సెక్కాను. కొత్తగూడెం, పాల్వంచ, గోదావరి వంతెన, భద్రాచలంలో బస్సు మారి దుమ్ముగూడెం మీదుగా చర్ల. బీడీలు చుట్టే తునికాకు కోతల కాలం, రోడ్డు పొడుగునా కట్టలు ఎండబెట్టి ఉన్నాయి. దారిలో పోలీసులు బస్సు ఆపి సంచులు తనిఖీ చేస్తుంటే నా టిఫిన్ డబ్బా బయటపడింది.

"గిదేంది?" అన్నాడు కానిస్టేబుల్, ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి.

"కంప్యూటర్ మెమరీ సార్. జ్ఞాపకశక్తి అన్నట్టు."

"జ్ఞాపకశక్తిని డబ్బాల పెట్టుకొని తిరుగుతున్నవా అమ్మా!" అన్నాడు. బస్సంతా నవ్వింది, ఆయన కూడా నవ్వి డబ్బా మూత తనే పెట్టి ఇచ్చాడు.

హాస్టల్ చేరేసరికి పొద్దువాలింది. కంప్యూటర్ ముట్టుకోకముందే నేను అచ్చుపేజీలు ముందేసుకుని, టీచరమ్మ చూపిస్తుంటే తప్పులన్నీ ఎర్రసిరాతో గుర్తుపెట్టాను. పెడుతూ పెడుతూ ఒకచోట ఆగిపోయాను. 'రు' పోయి వచ్చిన తప్పల్లా 'గు'నే! ఒక్కచోట కూడా ఇంకో అక్షరం లేదు. వేలు జారిందనుకుందామా అంటే మేం నేర్పిన పద్ధతిలో ఒకటి కుడిచేతిది, ఇంకొకటి ఎడమచేతిది. ఎంత అలసిపోయిన మనిషికైనా అట్లా ఒకే తప్పు మళ్లీ మళ్లీ చేయడం కుదరదు. యంత్రం లోపల ప్రతి అక్షరమూ సున్నాలూ ఒకట్లే కదా, ఎక్కడో ఒక్క సున్నా ఒకటిగా మారితే ఒక అక్షరం ఎప్పుడూ అదే ఇంకో అక్షరం అవుతుంది! "అక్కా, ఇది నీ చెయ్యి కాదు, ఇది మిషనే!" అని అరిచాను. ఆమె ఆ పేజీలు లాక్కుని ఎర్రగుర్తులన్నీ తనే మళ్లీ ఒక్కొక్కటీ చూసుకున్నది. నెలరోజుల్లో ఆమె మాట నమ్మిన మొదటి మనిషిని నేనేనట.

నమ్మితే చాలదు, రుజువు కావాలి. మర్నాడు పొద్దున్నే ఫ్లాపీ వేసి పరీక్ష మొదలుపెట్టాను. ఆ ప్రోగ్రాము మెమరీలోని ప్రతి గడిలో ఒక అంకె దాచి, మళ్లీ తీసి చూసి, మారితే ఎర్రటి గీత చూపిస్తుంది. రెండు గంటలు నడిచింది, ఒక్క గీత లేదు. పదకొండింటికి, టీచరమ్మ పంపిన కబురందుకుని, జీపులో ఆఫీసరు సారు దిగాడు. తెర చూసి, "అంతా మంచిగనే ఉంది కదమ్మా, ఇంక మిషన్ మీద నెడితే ఎట్ల?" అన్నాడు. టీచరమ్మ తల దించుకున్నది.

అప్పుడు ఆమే నెమ్మదిగా అన్నది, సెలవులకు ఇళ్లకు పోకుండా హాస్టల్‌లోనే ఉన్న పిల్లలకు పొద్దున పాఠాలు చెప్పి తను టైపు చేసేది భోజనాల తర్వాతే అని. రేకుల గది. మే నెల ఎండ. సార్, రెండింటిదాకా ఉండండి అని బతిమాలాను. ఆయన విసుక్కుంటూనే కుర్చీ లాక్కున్నాడు. పన్నెండున్నర దాటి గది పొయ్యిలా కాగుతున్నప్పుడు తెర మీద మొదటి ఎర్రగీత పడింది! ఇంకొకటి! చూస్తుండగానే వరసగా గీతలు దిగుతుంటే నేను చప్పట్లు కొట్టాను, టీచరమ్మ నన్ను వాటేసుకున్నది. తప్పు దొరికినందుకు అంత సంబరపడటం నా బతుకులో అదొక్కసారే. ఆఫీసరు కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

ఉన్న రెండు మెమరీ ముక్కల్లో ఒకటి తీసి నడిపితే గీతలు వచ్చాయి, అది తీసి రెండోది పెడితే మళ్లీ గీతలే. టిఫిన్ డబ్బాలోని కొత్తది పెట్టాను, దానికీ గీతలే. మూడూ ఒక్కసారే చెడిపోవు కదా. రాసి ఉన్న వేగం నూటముప్పైమూడు మెగాహెర్ట్జ్, దాన్ని నూటికి దించాను, గీతలు మాయం. అక్కడితో ఆపితే పని అయిపోయేది, ఆఫీసరు కూడా చాలన్నాడు. కానీ అంత వేగానికి తగినవని అమ్మిన ముక్కలు ఆ వేగం ఎందుకు తట్టుకోవడం లేదో తెలియకుండా నేనెట్లా లేచేది? మళ్లీ వేగం పెంచి, సెట్టింగుల పేజీలో ఒక్కో వరసా చదువుకుంటూ వచ్చాను. ఒకచోట చూపు ఆగింది. అడిగింది తెచ్చివ్వడానికి మెమరీకి ఇచ్చే వ్యవధి మూడు మెట్లు ఉండాలి. ముక్క మీద చీటీలోనూ మూడనే ఉంది. అక్కడ మాత్రం రెండు ఉన్నది.

ఆ రెండు పెట్టింది నేను. ఖమ్మంలో, ఫ్యాను కింద, మా కంప్యూటర్ అందరికన్నా జోరుగా ఉండాలన్న పంతంతో నా చేత్తో నేను పెట్టింది.

దాన్ని మూడు చేసి, వేగం తగ్గించకుండా, సాయంత్రం దాకా ఆ వేడిలోనే నడిపించాం. ఒక్క గీత రాలేదు. చల్లగా ఉన్నంతసేపు రెండుతోనే నెట్టుకొచ్చిన మెమరీకి, గది కాగాక ఆ వ్యవధి చాలలేదన్నమాట. "అంటే తప్పు ఎవరిది?" అన్నాడు ఆఫీసరు. కంపెనీవాళ్లదని ఒక్క మాట అంటే సరిపోయేది, అక్కడ ఎవరికీ తెలియదు కూడా. "నాది సార్. టీచరమ్మ ఒక్క అక్షరం తప్పు కొట్టలేదు" అన్నాను. ఆయన టీచరమ్మ వైపు తిరిగి, "నేను తొందరపడి మాట్లాడిన, ఏమనుకోకు తల్లీ. పుస్తకం నువ్వే పూర్తిచెయ్యి" అన్నాడు.

టీచరమ్మ ఆ కబురంతా వాకిట్లో కూర్చున్న తల్లికి కోయలో చెప్పింది. ఆ అవ్వ నన్ను ఎగాదిగా చూసి ఏదో అన్నది. కూతురు నవ్వుతూ, "తప్పు ఒప్పుకున్న పిల్లకు ముందు అన్నం పెట్టుమంటున్నది" అని చెప్పింది.

అయితే అప్పటికే చెడిపోయిన అక్షరాలు వాటంతట అవి బాగుపడవు. ఏ పేజీలో ఏ మాట మారిందో యంత్రం చెప్పలేదు, కాగితం చెప్పలేదు. దాంతో మామకు ఫోన్ చేసి వారం ఉండిపోయాను. టీచరమ్మ చదివేది, అవ్వ చేటలో ఇప్పపూలు ఏరుతూ వినేది, నేను దిద్దేదాన్ని. మాట సరిగ్గా ఉంటే ఆమె వేళ్లు ఆడుతూనే ఉండేవి, తప్పు మాట పడగానే ఆగిపోయేవి. నోటితో చెప్పవలసిన అవసరమే లేదు. కొన్నిచోట్ల పాట మధ్యలో మాట వినగానే తనే అందుకుని మిగిలిన పాటంతా పాడేది, వంటమనిషి గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడేది. ఏడో రోజుకు పుస్తకం పూర్తయింది. జూన్‌లో బడి తెరిచినప్పుడు పిల్లల చేతికి పుస్తకాలు అందాయి. మొదటి పేజీ తెరిచి, ఎవరూ చెప్పకుండానే ఒక పిల్ల తన ఇంటి మాట తనే కూడబలుక్కుని చదివి, చదివింది తన మాటేనని తెలిసి, కెవ్వున కేక పెట్టిందని టీచరమ్మ ఉత్తరం రాసింది.

ఆ తర్వాత ఎన్ని కంప్యూటర్లు కట్టానో లెక్కలేదు. మామ పోయాడు, ఇన్‌స్టిట్యూట్ పోయింది, ఆ సందులో ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణాలు. అవ్వ కూడా పుస్తకం వచ్చిన రెండేళ్లకే పోయింది. నిరుడు భద్రాచలంలో కంటి దవాఖానా దగ్గర చీటీ కోసం వరసలో నిలబడితే ముందున్న తెల్లజుట్టు మనిషి వెనక్కి తిరిగింది, టీచరమ్మ! ఇద్దరం వరస వదిలేసి బయట బెంచీ మీద కూర్చుని గంటసేపు మాట్లాడుకున్నాం. ఆ ఊళ్లో ఇప్పుడు పిల్లలకు తెలుగు బాగా వస్తున్నదట, ఇళ్లల్లో కూడా అదే మాట్లాడుతున్నారట, కోయ మాట కావాలంటే ఆ పాత పుస్తకం తెరుస్తున్నారట. మాటల మధ్యలో ఆమె హఠాత్తుగా, "చెల్లె, ఆ ఏడు రోజులు అమ్మ అన్ని పాటలు పాడింది గద. మనం ఒక్కటన్నా రికార్డు చేసినమా?" అని అడిగింది.

చేయలేదు. ఆ కంప్యూటర్‌కు మైకు కూడా ఉండేది, నేనే పెట్టి ఇచ్చాను. ఇప్పుడైతే చేతిలో ఫోన్ లేని మనిషి లేరు, చిన్నపిల్ల తుమ్మినా రికార్డు చేసి పెట్టుకుంటున్నాం. అక్షరం తప్పు పోకూడదన్న ఆరాటంలో ఇద్దరమూ కాగితం మీదికే వంగి కూర్చున్నాం, పక్కనే పాడుతున్న గొంతును పట్టుకోవాలని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. పుస్తకంలో ఒక్క తప్పూ లేదు. అందులోని పాటలను అవ్వ పాడినట్టు పాడేవాళ్లే ఇప్పుడు లేరు.