ధవళేశ్వరం దారిలో మావయ్యగారి మిషను

నిజం చెప్పాలంటే ఈ ప్రయాణం నాకు ఇష్టం లేదు. మండుటెండలో, మోకాళ్ళ నొప్పుల అత్తయ్యగారిని వెంటబెట్టుకుని ఒక ఇనుప గొట్టాన్ని చూడటానికి ఎవరైనా వెళ్తారా? కానీ మావయ్యగారు నేవీలో పదకొండేళ్ళు ఆ గొట్టాన్నే కనిపెట్టుకుని ఉన్నారు. ఓడ మీదకు దూసుకొచ్చే విమానాన్నో క్షిపణినో బాగా దగ్గరకొచ్చాక గాల్లోనే పేల్చేసే చిన్న క్షిపణి అది. అప్పట్లో ఇంట్లో మాత్రం "మిషన్ల మీద పని" అని ఊరుకున్నారట. ఆయన మోటార్లు బాగుచేసేవారనే అత్తయ్యగారు ఇప్పటికీ అనుకుంటున్నారు. ధవళేశ్వరం దారిలో ఒక కాలేజీలో దాని డమ్మీని ప్రదర్శనకు పెట్టారనీ, ఆదివారం సాయంత్రం నాలుగుతో ఆఖరనీ పేపర్లో చదివారు. "మీ అత్తయ్యకి ఒక్కసారి చూపించాలమ్మా" అన్నారు. ఇక కాదనలేకపోయాను.

పెద్దాపురంలో పదకొండింటికి రావలసిన బస్సు పన్నెండున్నరకు వచ్చింది. టికెట్టు మనిషికి అరవై చిల్లర. రెండు గంటలు నిలబడే ప్రయాణం. రాజమండ్రిలో దిగగానే భోంచేయందే కదలనన్నారు అత్తయ్యగారు. మూడయింది. నేను నీళ్ళ సీసా కొనేలోపు మావయ్యగారు నూట యాభైకి ఆటో మాట్లాడేశారు. "మిసైల్ పెట్టారట, అక్కడికి పోనివ్వు బాబూ" అన్నారట. అతను మమ్మల్ని చక్కగా చర్చి పక్కన మిషన్ కాంపౌండులో దించాడు. లోపల ఎవరిదో పెళ్ళి.

"మిషన్ అన్నది మీరే కదండీ!" అని ఆటో అతను ఎదురు తిరిగాడు.

కాపలాదారు అయినా దారి చెబుతాడేమోనని "క్షిపణి ఎక్కడండీ?" అని అడిగాను.

"పాణిగారాండి? భోజనాల దగ్గరున్నారండి."

నెత్తి కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఇంకో వంద ఒప్పుకుని కాలేజీకి చేరేసరికి నాలుగూ పది. అప్పటికే దాని మీద టార్పాలిన్ కప్పేశారు. "అయిపోయిందండి" అన్నారు అక్కడున్న లెక్చరర్. మావయ్యగారు వెనక్కి తిరిగారు. ఆ ముఖం చూసి నాకే ఏడుపొచ్చింది.

అత్తయ్యగారు మాత్రం కదల్లేదు. "ఈ మోకాళ్ళతో పెద్దాపురం నుంచి వచ్చానండి. రెండు నిమిషాలు తియ్యండి" అన్నారు. తీశారు.

మావయ్యగారు హుషారుగా చెప్పుకుపోయారు: రాడార్ పసిగడుతుంది, ఇది లేస్తుంది, వచ్చేదాన్ని కొడుతుంది, అంతా సెకన్లలో. అత్తయ్యగారు చివరిదాకా విని, "ఇది గురి తప్పితేనో?" అన్నారు.

"తప్పితే ఏంటి?"

"ఆ వచ్చేది ఎక్కడ పడుతుందండీ?"

"ఓడ మీద."

"మీరెక్కడుంటారు?"

"ఓడ మీదే కదే."

అత్తయ్యగారు గొట్టాన్ని వదిలి ఆయన వైపు తిరిగారు. "మరి మోటార్లన్నారు?"

"చెబితే నిద్రపోయేదానివా?"

ఆ బస్సు మీదా ఆటో మీదా నాకింకా కోపం పోలేదు. ఐతే ఇన్నేళ్ళ కాపురంలో అడగని ప్రశ్న ఆమె అడగడానికి, ఈయన చెప్పడానికి, ఆ గొట్టం పక్కన నిలబడాల్సి వచ్చింది. ఫోన్లో ఫోటో చూపిస్తే సరిపోతుందని పొద్దున్న అన్నది నేనే. నా మాట వినకపోవడమే మంచిదైంది.

ఇలాంటి చోటికి పెద్దవాళ్ళతో వెళ్తే తిరుగు ప్రయాణానికి తొందర పెట్టుకోకండి. ఒక్కోదాంట్లో ఒక్క సీటే ఖాళీగా ఉందని మేం రెండు బస్సులు వదిలేశాం. ఆయన పక్కన సీటుంటేనే ఎక్కుతానని అత్తయ్యగారు స్టాండులోనే కూర్చుండిపోయారు.