అమ్మ వేసిన కొసరు

నిన్న సిద్దిపేట రైతుబజార్‌లో తూకం అయ్యాక ఒకామె రెండు టమాటాలు కొసరు వేసింది. నా ఎనిమిదో తరగతి సైన్స్ ఎగ్జిబిషన్ గుర్తొచ్చింది.

కార్బన్ పరమాణువు నమూనా కోసం, కూరగాయలు అమ్మే మా అమ్మను ప్రోటాన్లకు ఆరు చింతగింజలు, న్యూట్రాన్లకు ఆరు శనగలు అడిగాను. ఇచ్చినవన్నీ అట్టకు అంటించాను. బడిలో లెక్కపెడితే శనగలు ఎనిమిది! ఒక్కటి ఎక్కువైనా మూలకమే మారిపోతుందనుకున్నాను. బహుమతి పోయిందని ఏడుపొచ్చేసింది.

"మా అమ్మ కొసరేసింది సార్!"

సార్ పకపకా నవ్వారు. "ఏడుస్తవేందిరా? చింతగింజలు ఆరే ఉన్నయి గద, గది కార్బనే! న్యూట్రాన్లు పెరిగితే బరువు పెరుగుతది, పేరు మారదు. గిది కార్బన్-14, ఐసోటోపు!"

గంతులేస్తూ అట్ట మీద రాసిన 'కార్బన్-12'లో 12 కొట్టేసి 14 రాశాను. బహుమతి నాదే!

ఇంటికెళ్లి చెబితే, "మరి సరిగ్గ లెక్కవెట్టి ఎవలన్న ఇస్తరా?" అంది అమ్మ గర్వంగా.

ఆ రెండు న్యూట్రాన్ల వల్లే కార్బన్ నిలకడ తప్పుతుందని ఇంటర్లో చదివాను. అమ్మకు మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.