ప్రస్థానం పెట్టిన బ్యాటరీ

ఏ రాత్రి ఏ నీహారిక ఎన్నింటికి నడినెత్తికి వస్తుందో ఇప్పుడు ఫోన్ చెప్పేస్తోంది. ఎనభైల మొదట్లో, అరోరా అనే ఊళ్ళో ఉండగా నాకు ఈ నక్షత్రాల ఫోటోల పిచ్చి పట్టినప్పుడు నా దగ్గరున్నవి నాలుగే. తేదీనీ గంటనీ కలిపి తిప్పితే ఆ వేళకి కనబడే ఆకాశం చూపించే అట్ట చక్రం, నక్షత్ర పటాల పుస్తకం, చంద్రోదయం వేళలున్న ఆల్మనాక్, చెప్పుల పెట్టె నిండా నేను రాసుకున్న కార్డులు. ఒక్కో కార్డు మీద ఒక్కో లక్ష్యం: ఎప్పుడు పైకొస్తుంది, ఎంతసేపు కెమెరాలో ఫిల్ముని వెలుగుకి తెరిచి ఉంచాలి, ఏమేం సర్దాలి. రెండు చలికాలాలుగా నన్ను ఊరిస్తున్న కార్డు గుర్రపు తల నీహారికది. జనవరిలో తొమ్మిదికి మొదలుపెడితే పదికి బాగా ఎత్తుకి వస్తుంది. చంద్రుడు ఉండకూడదు. ఆ ఏడు ఆల్మనాక్‌లో అలాంటి శనివారం ఒక్కటే దొరికింది. అది అమావాస్య.

అప్పటికి మా అత్తయ్య ఆరు నెలలు ఉండడానికి వచ్చి రెండు నెలలైంది. మా ఆయనకి ఆ వారం హాస్పిటల్లో డ్యూటీ. నేనొక్కదాన్నే వెళ్తానంటే ఆవిడ చేతిలో గరిట ఆగిపోయింది. “అమావాస్య పూట గడప దాటతారుటే ఎవరైనా? అదీ ఆడపిల్లవి, ఒక్కదానివీ?” అమావాస్య కాకపోతే ఆ ఫోటో రాదని చెప్పాను. కాసేపు ఆలోచించి, “సరే, నేనూ వస్తాను. కానీ గురువారం మంచి వేళ చూసి ప్రస్థానం పెట్టాలి” అంది. తెలియని వాళ్ళకి చెబుతున్నాను: ప్రయాణం రోజు మంచిది కాకపోతే, ముందే ఒక మంచి వేళలో మనం తీసుకెళ్ళే సామానొకటి పక్కింట్లో పెట్టి వస్తారు. దాంతో ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. వెళ్ళేటప్పుడు దాన్ని తీసుకుని వెళ్ళాలి.

“ఏదో పాత చీర కాదు, అది లేకపోతే నీ పని జరగనిది పెట్టాలి” అంది. నాకు వేళాకోళం ఎక్కువ. అయితే ఇదిగో అని టెలిస్కోపు మోటారు నడిపే బ్యాటరీని సంచిలో పెట్టి ఎదురింటి కారొల్‌కి ఇచ్చాను. భూమి తిరుగుతుంటే నక్షత్రాలు పక్కకి జరిగిపోతాయి. వాటి వెంట టెలిస్కోపుని తిప్పేది ఆ మోటారే. కదపొద్దని చెబితే కారొల్ పాపం ఎందుకని అడగలేదు. నేను ఇంటికొచ్చి కార్డు మీద ‘బ్యాటరీ’ పక్కన టిక్కు పెట్టాను. సర్దేశాను కదా!

శనివారం వర్జ్యం పోయేదాకా అత్తయ్య నన్ను కదలనివ్వలేదు. ఒంటిగంటకి బయలుదేరాం. చీకటి పడేలోగా చేరాలన్న కంగారులో కారొల్ ఇంటి ముందునుంచే కారు పోనిచ్చాను. రాక్‌ఫర్డ్ దాటాక రూట్ ట్వంటీ పట్టుకుని గెలీనా మీదుగా విస్కాన్సిన్‌లోకి, దారిలో ఆగకపోతే మూడున్నర గంటలు. ట్యాంకు నింపడానికి పన్నెండు డాలర్లయింది. సరిహద్దు దగ్గర చిన్న కెఫేలో ఆగాం. అత్తయ్య ‘ఆపిల్ పై’ అనే తీపి రొట్టె తిని చలిమిడిలో పళ్ళు కలిపినట్టుందని తేల్చింది. వంటామె మా ప్రయాణం సంగతి విని, “రాత్రికి సున్నాకి పది డిగ్రీలు కిందకి పోతుంది. ఏం చేసినా ఇంజన్ మాత్రం ఆపకండి” అంది. నేను తలూపాను. తలూపడానికి ఏం పోయింది?

వేసవిలో చూసి పెట్టుకున్న చోటు అది. కొండ మీద మట్టిరోడ్డు, రెండు వైపులా మంచు కప్పిన పొలాలు, ముందుకి అరమైలు అవతల ఒకే ఒక్క ఇంటి దీపం. ఆరున్నరకి డిక్కీ తెరిచాను. బ్యాటరీ లేదు. కారొల్ ఇంట్లోనే ఉండిపోయిందని గుర్తు రాగానే ఒళ్ళు మండిపోయింది, అదీ నా మీద కాదు, అత్తయ్య మీద. ఆవిడ మొహం చిన్నబోయింది. “వెనక్కి పోదామే. ఇంకో అమావాస్య రాదా?” అంది. ఆ మాట వినాల్సింది. నేను వినకుండా మోటారు వైర్లు కారు బ్యాటరీకే తగిలించాను. ఇంజన్ అదురుకి ఫోటో చెడుతుందని ఇంజన్ ఆపేశాను. అత్తయ్యకి చలెయ్యకుండా లోపల హీటర్ ఫ్యాను తిరగనిచ్చాను. మా బండి బ్యాటరీ పాతదన్న సంగతి ఏ కార్డు మీదా రాసుకోలేదు.

తొమ్మిదికి ఫిల్ము తెరిచాను. అద్దం దించి అత్తయ్య పైకి చూసి, “అవి గొల్లకావిడి కదుటే! ఇక్కడికీ వచ్చాయే!” అంది. ఆ మూడు చుక్కల కిందే నా గుర్రపు తల. నలభై నిమిషాలు కన్ను ఆర్పకుండా ఒక నక్షత్రాన్ని టెలిస్కోపు కటకంలోని గీతల మధ్య పట్టి ఉంచాను. ఉన్నట్టుండి అది పక్కకి జారింది. మోటారు ఆగింది. కారెక్కి తాళం తిప్పితే టక్ మంది. మళ్ళీ తిప్పాను. ఆ టక్ కూడా లేదు.

పొద్దుటిదాకా ఆ రోడ్డు మీద మరో బండి రాదు. అత్తయ్యకి అరవై నాలుగేళ్ళు, మా ఆయన బూట్లలో చీర దోపుకుని కూర్చుంది, పెదవులు అప్పుడే తెల్లబడుతున్నాయి. ఐసు మీద అరమైలు నడవలేదు. అలాగని ఆవిడని ఒక్కదాన్నీ వదిలి వెళ్ళడమెలా? ఈవిడకేమన్నా అయితే మా ఆయనకి ఏం చెప్పను? ఒక్క మాట తిట్టినా బాగుండేది. తిట్టలేదు. “నాకూ భయంగానే ఉందే. అయినా నువ్వెళ్ళు. తలుపులు వేసుకుని కూర్చుంటాను” అంది.

పరుగెత్తాను, జారాను, మళ్ళీ లేచాను. ఆ ఇంటి కుక్క అరుస్తున్నా ఆగకుండా తలుపు బాదాను. తలుపు తీసిన ముసలి రైతు నా మాట సగంలోనే కోటు అందుకున్నాడు. “ఆమె లోపలే ఉంది కదా? బయటికి రాదు కదా?” అని మాత్రం అడిగాడు. రాదన్నాను.

పికప్‌లో వచ్చి చూస్తే కారు తలుపు తెరిచి ఉంది. సీటు ఖాళీ. అత్తయ్యా అని అరిచిన అరుపు నాదేనా అనిపించింది. రైతు లైట్లు ఆర్పి, “అటు చూడు” అన్నాడు. సాయంత్రం నేనూ అత్తయ్యా వచ్చిన దారిలో, పెద్దరోడ్డు వైపు మలుపు దగ్గర, ఎర్రచుక్క ఒకటి గుండ్రంగా తిరుగుతోంది. చీకటికి అలవాటుపడ్డ కళ్ళు చెదరకుండా ఎర్ర కాగితం చుట్టిన నా టార్చి అది.

అత్తయ్య రోడ్డు మధ్య నిలబడి ఉంది. అద్దాల మీద మంచు పేరుకుని ఆవిడకి నేనెటు వెళ్ళానో కనబడలేదట. సాయం పట్టుకుని నేను పెద్దరోడ్డు వైపునుంచి వస్తాననుకుందట. “మలుపు దాటిపోతావేమోనని భయమేసిందే” అంది, పళ్ళు టకటకలాడుతుంటే. నేను ఆవిడని పట్టుకుని బావురుమన్నాను. రైతు వైర్లు కలిపి మా బండి స్టార్ట్ చేశాడు. పైసా పుచ్చుకోలేదు.

మర్నాడు కారొల్ సంచి తెచ్చి ఇచ్చింది. “మీరు చెప్పినట్టే కదపలేదు” అంది. అత్తయ్య కాలివేళ్ళు చలికి కమిలి వారం దాకా వాచే ఉన్నాయి. ఇంకో పావుగంట గడిచుంటే రెండు వేళ్ళు తీసెయ్యాల్సి వచ్చేదన్నాడు డాక్టర్. రోజూ గోరువెచ్చటి నీళ్ళలో ఆ పాదాలు పట్టుకుని కూర్చునేదాన్ని. “ఈసారి నన్ను ప్రస్థానం పెట్టవే. నన్నయితే మర్చిపోవుగా” అని నవ్వేది. నాకు నవ్వొచ్చేది కాదు. ఫిల్ము కడిగితే గుర్రపు తల వేలిముద్రంత పడింది. నక్షత్రాలన్నిటికీ చివర తోకలున్నాయి. ఆ తోక దగ్గరే మోటారు ఆగిందని నాకు తెలుసు. లక్ష్యం ఎంచుకోవడమంటే ఆకాశంలో ఏది ఎప్పుడు పైకొస్తుందో లెక్కకట్టడమే అనుకున్నాను అన్నాళ్ళూ. కింద నాతో నిలబడే మనిషి ఎంతసేపు తట్టుకోగలదో ఒక్క కార్డు మీదా లేదు.

మీరూ ఇలా ఫోటోలకి వెళ్తుంటే ఒక్క మాట. వస్తువు సర్దినప్పుడు టిక్కు పెట్టకండి. కారులో ఉందని కళ్ళారా చూశాక పెట్టండి. నా కార్డుల్లో ఇప్పటికీ మొదటి వరుసలో లక్ష్యం పేరు ఉండదు, వెంట వచ్చేది ఎవరో ఉంటుంది. తరవాతి అమావాస్యకి తీసిన కార్డు మీద ‘అత్తయ్య’ అని రాసి, దాని పక్కన టిక్కు పెట్టకుండానే పెట్టెలో పెట్టేశాను. ఆ రాత్రి మేమిద్దరం ఇంట్లోనే ఉన్నాం.