కిరీటం తీసి పెట్టిన రాకుమారి

కొత్త ఫాంటసీ నవల అట్ట మీద కిరీటం లేని హీరోయిన్‌ను చూసి మా అమ్మాయి మూతి ముడిచింది. "హీరోయిన్ గిట్ల ఉంటదా డాడీ?"

నాకు మిర్యాలగూడలోని మా మేనత్త గుర్తొచ్చింది. వారపత్రికల్లో వచ్చే మాయల సీరియల్ పేజీలు చింపి, దారంతో కుట్టి, రైసుమిల్లు క్యాలెండర్ కాగితాన్ని మైదా బంకతో అట్టగా అంటించేది. దాని మీద చీర ఎగగట్టి, కొడవలి పట్టుకుని వరిచేలో నిలబడ్డ ఆడమనిషి బొమ్మ. రాక్షసులను గెలిచే రాకుమారి ఆమేనని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. కథలో వజ్రఖడ్గమని రాసి ఉన్నా, నాకు కొడవలే మెరిసేది.

"అత్తమ్మా, రాకుమారికి కిరీటమేది?" అని ఒకరోజు అడిగాను.

పొలం నుంచి అప్పుడే వచ్చి, కాళ్ల బురద కడుక్కుంటున్న అత్త నవ్వలేదు. "పనిల ఉన్నది గద బిడ్డా, తీసి పక్కకు పెట్టింది."

ఇప్పటికీ అట్ట మీద కిరీటంతో ఎవరు కనిపించినా, ఈమె ఇంకా పనిలోకి దిగలేదనుకుంటాను.